గడ్డకట్టే చలిలో పెరటి పురుగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మినియాపొలిస్, షికాగో, డెట్రాయిట్ వైపు తెలుగు ఇళ్ళల్లో చాలామంది నవంబర్‌లో పెరటి తలుపు మూస్తే మళ్ళీ ఏప్రిల్‌లోనే తీస్తారు. ఆ మధ్యలో పెరట్లో ఏమీ ఉండదని లెక్క. ఉంటుందని చెప్పినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్నలివి. నేనుండేది మినియాపొలిస్ శివార్లలో కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా మిన్నెసోటావే. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వాళ్ళకు కొన్ని పురుగులు మారతాయి, చూసే పద్ధతి మాత్రం ఇదే.

ఇంత చలికి పురుగులన్నీ చచ్చిపోవా?

చావవు. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 28 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మైనస్ 33 సెల్సియస్‌కు పడిపోయింది. స్కూళ్ళు మూసేశారు, ఉత్తరాలు పంచడం కూడా ఆపేశారు. ఆ వేసవిలో దోమలు మాత్రం ఎప్పటిలాగే కుట్టాయి.

ప్రతి జాతికీ చలికాలం గడపడానికి ఒక దశ ఖాయంగా ఉంటుంది. కొన్ని గుడ్లుగా, కొన్ని గొంగళి పురుగులుగా, కొన్ని ప్యూపాలుగా (గొంగళి పురుగు రెక్కల పురుగుగా మారే మధ్య దశ), కొన్ని రెక్కలొచ్చిన పెద్ద పురుగులుగానే ఉండిపోతాయి. బ్లాక్ స్వాలోటెయిల్ సీతాకోకచిలుక ప్యూపాగా కొమ్మకు అంటుకుని ఉంటుంది. మోర్నింగ్ క్లోక్ అనే ముదురు గోధుమరంగు సీతాకోకచిలుక రెక్కలు ముడుచుకుని చెట్టు బెరడు సందులో దూరుతుంది. ఊరు వదిలి వెళ్ళేవి తక్కువ. మోనార్క్ సీతాకోకచిలుకలు మెక్సికో కొండలకు పోతాయి, గ్రీన్ డార్నర్ అనే పెద్ద తూనీగ దక్షిణానికి పోతుంది. మిగతావి చాలావరకు మీ కంచె లోపలే ఉన్నాయి. ఎక్కడున్నాయో తెలియాలి, అంతే.

మరి గడ్డకట్టకుండా ఎలా ఉంటాయి?

రెండు దారులున్నాయి. మొదటిది అసలు గడ్డకట్టకుండా తప్పించుకోవడం. నీళ్ళు సున్నా డిగ్రీలకే గడ్డకట్టాలని లేదు. దుమ్ము, ఆహారం తునకలు లాంటివేవీ లేకపోతే ఇంకా చాలా కిందికి దిగినా ద్రవంగానే ఉంటాయి. అందుకే ఈ దారి పట్టే పురుగులు చలి ముదరకముందే తినడం మానేసి పొట్ట ఖాళీ చేసుకుంటాయి. రక్తంలో గ్లిజరాల్ నింపుకుంటాయి. మన ఇళ్ళల్లో చలికాలం మడమల పగుళ్ళకు రాసుకునే గ్లిజరిన్ అదే.

రెండోది ఒంట్లో మంచు కట్టనివ్వడం. కానీ మంచు కణాల బయటే కడుతుంది, లోపల కట్టదు. అలాంటి పురుగును చేతిలోకి తీసుకుంటే చిన్న గులకరాయి పట్టుకున్నంత గట్టిగా ఉంటుంది. గుండె ఆగిపోయి ఉంటుంది. ఎండ తగిలి కరిగాక మళ్ళీ కదులుతుంది. ఒక్క పురుగులకే కాదు, వుడ్ ఫ్రాగ్ అనే ఇక్కడి కప్ప కూడా ఆకుల కింద ఇలాగే గడ్డకట్టి చలికాలం గడుపుతుంది. అది గ్లిజరాల్‌కు బదులు ఒళ్ళంతా గ్లూకోజ్ నింపుకుంటుంది.

చలి వస్తోందని వాటికి ముందే ఎలా తెలుస్తుంది?

పగటి పొడవును బట్టి. "మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు, పుష్యాన పూస గుచ్చ పొద్దుండదు" అని మనవాళ్ళు అన్నది ఇక్కడ ఇంకా బాగా తెలుస్తుంది. డిసెంబర్ మూడో వారంలో హైదరాబాద్‌లో పగలు 11 గంటలుంటే, మినియాపొలిస్‌లో 9 గంటలు కూడా ఉండదు. ఉష్ణోగ్రత మోసం చేస్తుంది, అక్టోబర్‌లో ఒక వారం ఎండ కాయవచ్చు. పగటి పొడవు ఏటా ఒకేలా తగ్గుతుంది. అందుకే ఆగస్టు, సెప్టెంబర్‌లో మనం ఇంకా టీషర్టుల్లో తిరుగుతుండగానే చాలా పురుగులు ఎదుగుదల ఆపేసి కొవ్వు దాచుకుంటాయి.

మొదటిసారి చూసేవాళ్ళు దేనితో మొదలుపెట్టాలి?

గోల్డెన్‌రాడ్ బుడిపెతో. ఇంతకంటే తేలికైనదీ బాగుండేదీ ఇంకోటి లేదు.

గోల్డెన్‌రాడ్ శరత్కాలంలో పసుపు పూలు పూసే మొక్క. రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద, ఎవరూ కోయని మూలల్లో ఎక్కడ చూసినా ఉంటుంది. చలికాలంలో ఎండిన కాడలే మంచులోంచి నిలబడి ఉంటాయి. వాటిలో కొన్నింటికి సగం ఎత్తులో గుండ్రటి బుడిపె కనిపిస్తుంది, పెద్ద రేగుపండు నుంచి చిన్న నిమ్మకాయ దాకా ఉంటుంది. మే, జూన్ నెలల్లో ఒక చిన్న ఈగ లేత కాడలో గుడ్డు పెడుతుంది. లోపల లార్వా, అంటే పిల్ల పురుగు, తినడం మొదలుపెట్టగానే మొక్క దాని చుట్టూ ఉబ్బుతుంది. పురుగుకు ఇల్లూ అదే, తిండీ అదే.

ఒక బుడిపె కోసి తెచ్చి కత్తితో జాగ్రత్తగా చీల్చండి. లోపల ఎండు బెండులాంటి గుజ్జు, నట్టనడుమ చిన్న గది, అందులో తెల్లగా, బొద్దుగా, బియ్యపు గింజ కంటే కాస్త లావున్న లార్వా. ఆ గది నుంచి పైకి ఒక సన్నటి సొరంగం కనిపిస్తుంది. బుడిపె పైతోలు దగ్గర అది ఆగిపోతుంది, పల్చటి పొర మాత్రం మిగిలి ఉంటుంది. ఈ సొరంగం తవ్వింది లార్వానే, చలికి ముందే. ఎందుకంటే వసంతంలో బయటికొచ్చే ఈగకు కొరికే నోరు ఉండదు. అది తలలోకి ద్రవం పంపి నుదురు బుడగలా ఉబ్బించి, ఆ పల్చటి పొరను నెట్టుకుని వస్తుంది. తను తవ్వలేని రోజు కోసం తనే ముందు తవ్వి పెట్టుకుందన్నమాట. ఈ లార్వా మైనస్ 8, 10 సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది, మైనస్ 40 అయినా బతుకుతుంది. గ్లిజరాల్‌తో పాటు సార్బిటాల్ కూడా నింపుకుంటుంది.

కొన్ని బుడిపెలకు ముందే కన్నం ఉంటుంది. సన్నగా, నీటుగా ఉంటే డౌనీ వడ్రంగిపిట్ట పని. చీల్చి పారేసినట్టు పెద్దగా, గరుకుగా ఉంటే చికడీ పిట్ట పని. అసలు కన్నమే లేకపోయినా లోపల లార్వాకు బదులు వేరే పురుగు ఉండొచ్చు. కొన్ని చిన్న కందిరీగలు ఈ బుడిపెలోకే గుడ్డు పెట్టి, ఈగ లార్వాను తమ పిల్లకు తిండి చేస్తాయి. ఇక్కడ గడ్డకట్టిన చెరువుల మీద చేపలు పట్టేవాళ్ళు కూడా ఈ లార్వాలను ఎరగా వాడతారు. ఒక గుత్తిలో ఒకటి రెండు కోసి చూస్తే చాలు, మిగతావి వదిలేయండి.

మంచు మీద నల్లటి చుక్కలు గంతులేస్తున్నాయి. ఇంట్లోకి వస్తాయా? కుట్టవు కదా?

కుట్టవు, ఇంట్లో బతకవు, కుక్కకు పట్టవు. టెన్షన్ అక్కర్లేదు. వీటిని స్నో ఫ్లీ అంటారు గానీ ఇవి కుక్కలకు పట్టే ఫ్లీలు కావు. స్ప్రింగ్‌టెయిల్స్ అనే జాతివి, శాస్త్రవేత్తలు వీటిని కీటకాల్లో కూడా లెక్కించరు. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో ఎండ కాసి, ఉష్ణోగ్రత సున్నా సెల్సియస్ దగ్గరికి వచ్చిన రోజున చెట్ల మొదళ్ళ చుట్టూ చూడండి. మంచు మీద ఎవరో మిరియాల పొడి చల్లినట్టు ఉంటుంది. కాసేపు నిలబడి చూస్తే ఆ పొడి కదులుతుంది.

ఒక తెల్లటి ప్లాస్టిక్ చెంచాతో కాస్త మంచు తీసి భూతద్దంతో చూడండి. ఒక్కొక్కటి ఒకటి రెండు మిల్లీమీటర్లు, ముదురు నీలం ఛాయతో ఉంటుంది. పొట్ట కింద మడిచి పెట్టుకున్న చీలిక తోక ఒకటి ఉంటుంది. దాన్ని విడిచిపెట్టగానే పురుగు గాల్లోకి లేస్తుంది. ఎటు పడుతుందో దానికే తెలియదు. చెంచా మీద వెచ్చటి ఊపిరి పడిందంటే మాత్రం క్షణంలో సగం మాయమవుతాయి. 2005లో కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు వీటి ఒంట్లో గడ్డకట్టకుండా ఆపే ప్రొటీన్‌ను కనిపెట్టారు. కుళ్ళిన ఆకులు, బూజు తిని మట్టిని బాగుచేసే జీవులివి. మందు కొట్టకండి.

మంచు మీద సాలీడులా నడుస్తున్నది ఒకటి కనిపించింది. చలికి సాలీళ్ళు బయట తిరుగుతాయా?

కొన్ని తిరుగుతాయి. కానీ ముందు కాళ్ళు లెక్కపెట్టండి. ఆరే ఉంటే అది స్నో ఫ్లై, రెక్కలు లేని ఈగ. ఒంట్లో ఉష్ణోగ్రత సుమారు మైనస్ 7 సెల్సియస్‌కు దిగేదాకా నడుస్తూనే ఉంటుంది. దీని గురించి 2023లో వచ్చిన పరిశోధన భలే ఉంటుంది. ఒక కాలు గడ్డకట్టడం మొదలైతే, ఆ మంచు ఒంట్లోకి పాకకముందే ఆ కాలును తెంపి పారేసుకుంటుందట. కాబట్టి లెక్కలో ఐదో, నాలుగో వచ్చినా ఆశ్చర్యపోవద్దు.

గొంగళి పురుగు ఒంటి మీద పట్టీని బట్టి ఎంత చలి వస్తుందో చెప్పొచ్చంటారు. నిజమా?

కాదు. వూలీ బేర్ అనే ఈ గొంగళి పురుగుకు రెండు చివర్లా నలుపు, మధ్యలో గోధుమరంగు పట్టీ ఉంటుంది. పట్టీ సన్నగా ఉంటే చలి ఎక్కువని ఇక్కడివాళ్ళ నమ్మకం. దాని పేరున ఊళ్ళల్లో పండగలు కూడా చేస్తారు. నిజానికి పట్టీ వెడల్పు ఆ పురుగు వయసును బట్టి, ఎన్నిసార్లు కుబుసం విడిచిందన్నదాన్ని బట్టి మారుతుంది. తూనీగలు కిందికి ఎగిరితే వాన అని మన ఊళ్ళల్లో అన్నప్పుడు కనీసం ఆ రోజు గాలిలో తేమ సంగతైనా ఉంటుంది. వచ్చే మూడు నెలల సంగతి గొంగళి పురుగుకేం తెలుసు?

దీన్ని చూడాలంటే అక్టోబర్, నవంబర్‌లోనే చూడాలి, రోడ్డు దాటుతూ కనిపిస్తుంది. ఆ తర్వాత ఆకుల కింద చుట్ట చుట్టుకుని గడ్డకడుతుంది.

మంచు ఎక్కువ పడితే పురుగులకు కష్టం కదా?

అందరూ అడిగేది ఇదే, సరిగ్గా తిరగేసి అడుగుతారు. మంచు తక్కువ పడితే కష్టం.

కొత్తగా పడిన మంచులో ఎక్కువ భాగం గాలే. ఓ 20 సెంటీమీటర్లు పేరుకుంటే కింద నేల సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉంటుంది, పైన మైనస్ 25 ఉన్నా సరే. మంచుకూ నేలకూ మధ్య సన్నటి ఖాళీ ఏర్పడుతుంది. అందులో సాలీళ్ళు, చిన్న పెంకు పురుగులు, స్ప్రింగ్‌టెయిల్స్ తిరుగుతుంటాయి. వోల్ అనే చిన్న ఎలుకలు సొరంగాలు చేసుకుంటాయి. మార్చిలో మంచు కరిగాక గడ్డి మీద వంకరటింకర గాడులు కనిపిస్తాయి చూడండి, అవి ఆ దారులే. ఎవరో పైపు కోసం తవ్వారనుకుని కంగారుపడతారు.

నా అనుభవంలో పెరటి పురుగులకు అసలు గండం నిలకడైన చలి కాదు. మంచు లేని జనవరి, మధ్యలో వచ్చే వెచ్చటి వారం, ఆ వెంటనే మళ్ళీ గడ్డకట్టించే చలి. వెచ్చబడ్డ ప్రతిసారీ ఒంట్లో దాచుకున్న కొవ్వు కరుగుతుంది, తినడానికి బయట ఏమీ ఉండదు. కకూన్లు, ఆకుల గురించి కింద చెప్పే సలహాలు దీని మీదే ఆధారపడి ఉంటాయి.

పక్కింటివాళ్ళ తేనెటీగల పెట్టె ముందు మంచు మీద చచ్చిన ఈగలు, పసుపు మరకలు ఉన్నాయి. రోగమా?

మామూలుగా కాదు. తేనెటీగలు చలికాలమంతా నిద్రపోవు. గుంపుగా అతుక్కుని, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను వణికించి వేడి పుట్టిస్తాయి. పిల్లలను పెంచే సమయంలో గుంపు మధ్యలో 35 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. నెలల తరబడి పెట్టెలో మలవిసర్జన చేయకుండా ఆపుకుని, ఎండ కాసిన రోజు బయటికి వచ్చి పని ముగించుకుని పోతాయి. పసుపు మరకలు అవే. చచ్చినవాటిని బతికినవి బయటికి ఈడ్చి పడేస్తాయి.

ఇవి యూరప్ నుంచి తెచ్చిన ఈగలు. ఇక్కడి సొంత బంబుల్ బీలకు ఇంత తేనె నిల్వ ఉండదు. వాటి గూడంతా శరత్కాలంలో చచ్చిపోయి, జత కట్టిన కొత్త రాణులు మాత్రం ఒక్కొక్కటీ విడిగా మట్టిలో కొన్ని అంగుళాల లోతున దాక్కుంటాయి.

దోమలైనా చస్తాయా?

పెద్దవి చాలావరకు చస్తాయి, గుడ్లు చావవు. ఈడిస్ దోమల గుడ్లు తడి నేలలో, తొట్ల అంచుల్లో ఉండిపోతాయి. క్యూలెక్స్ ఆడ దోమలు తూముల్లో, బేస్‌మెంట్ల మూలల్లో దాక్కుని బతుకుతాయి. ఆశ పెట్టుకోకండి.

జనవరిలో కిటికీ దగ్గర లేడీబగ్స్, ఎర్ర గీతల నల్ల పురుగులు. ఎక్కడినుంచి వస్తున్నాయి?

మీ గోడలోంచే. శరత్కాలంలో ఎండ తగిలే గోడ సందుల్లో దూరాయి. హీటర్ వేడికో, ఎండ పొడకో వసంతం వచ్చిందనుకుని లోపలికి వస్తున్నాయి. నారింజ రంగు లేడీబగ్స్ ఆసియా రకం, పంటల మీది పేనుబంకను తింటాయని తెచ్చి వదిలినవి. ఎర్ర గీతలవి బాక్స్‌ఎల్డర్ బగ్స్. రెండూ ఇంట్లో గుడ్లు పెట్టవు, సామాన్లు పాడుచేయవు. నలపకండి, కర్టెన్‌కు పసుపు మరక, పైగా కంపు. వాక్యూమ్‌తో లాగేసి, అక్టోబర్‌లో సందులు మూయించుకోండి.

పిల్లలకు కకూన్ (గొంగళి పురుగు అల్లుకున్న పట్టుగూడు) దొరికింది. ఇంట్లో పెట్టి చూపించవచ్చా?

హాల్లో పెట్టొద్దు. ముఖ్యంగా సెక్రోపియా అనే పెద్ద చిమ్మట కకూన్ అయితే. మేపుల్, చెర్రీ కొమ్మకు పొడుగ్గా అంటుకుని, ఎండుటాకు రంగులో, దాదాపు 3 అంగుళాలు ఉంటుంది. ఇంటి వేడికి చిమ్మట ఫిబ్రవరిలోనే బయటికి వచ్చేస్తుంది. దానికి తినే నోరు ఉండదు, బతికేది వారం పది రోజులు. జత కావలసిన చిమ్మట బయట ఇంకా కకూన్‌లోనే ఉంటుంది. చూడటానికి అద్భుతంగా ఉంటుంది, ఆ పురుగు బతుకు మాత్రం అక్కడితో వృథా.

ఉన్నచోటే వదిలేసి, కొమ్మకు రంగు దారం కట్టి వారానికోసారి పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. కొమ్మ విరిగి కింద పడి ఉంటే నీడలో, బయటే, ఎలుకలకు అందకుండా జాలీ పెట్టెలో కట్టండి. ఇంటికి ఆనుకున్న గరాజ్ కూడా వద్దు, అది చాలా వెచ్చన. పొయ్యికి కట్టెలు తెచ్చుకునేవాళ్ళకూ ఇదే మాట. ఆ రోజుకు కావలసినవే లోపలికి తెచ్చుకోండి, లేకపోతే అందులో నిద్రపోతున్న పెంకు పురుగులు హాల్లో లేస్తాయి.

ఆకులు ఊడ్చకపోతే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నోటీసు వస్తుంది. అమ్మానాన్నలు వస్తే వాళ్ళూ ఊరుకోరు!

వాకిలి ఊడ్వకుండా వదిలేయడం మన పెద్దవాళ్ళకు చేతకాని పని, ఆ గొడవ నాకు బాగా తెలుసు. రాజీ మార్గం ఉంది. ముందు వైపు లాన్ శుభ్రంగా ఊడ్చేయండి. ఆ ఆకుల్ని సంచుల్లో కట్టి పంపకుండా, వెనక చెట్ల కిందా పూల మడుల్లోనూ కొన్ని అంగుళాల మందాన పరవండి. లాన్‌మోవర్‌తో పొడి చేయొద్దు. లూనా చిమ్మట కకూన్లు ఆకులోనే చుట్టుకుని ఉంటాయి, ఫ్రిటిలరీ సీతాకోకచిలుకల పిల్ల పురుగులు సూదిమొన అంత ఉండి ఆకుల మధ్య దాక్కుంటాయి. ఎండిన పూల కాడలు కూడా ఏప్రిల్, మే దాకా ఉంచండి, బోలు కాడల్లో చిన్న తేనెటీగలుంటాయి. అమ్మకు బుడిపె చీల్చి చూపించండి. చీపురు దానంతటదే మూలకు పోతుంది.

చెట్టుకు బూడిదరంగు కాగితం బంతి వేలాడుతోంది. కర్రతో కొట్టొచ్చా?

అది హార్నెట్ కందిరీగల తుట్టె. గడ్డకట్టే చలి వచ్చాక ఖాళీదే. రాణులు వేరేచోట దాక్కున్నాయి, పాత తుట్టెలోకి తిరిగి రావు. తీసి చూడొచ్చు, పుల్లల్ని నమిలి చేసిన కాగితం అది.

ఇంత చలి పడితే చెట్ల చీడలైనా పోతాయి కదా?

కొంతవరకే. ఎమరల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పెంకు పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది, 2009లో సెయింట్ పాల్‌కు చేరింది. యాష్ చెట్లను వరసగా చంపుతోంది. లార్వాలు బెరడు కింద ఉంటాయి. మైనస్ 30 ఫారన్‌హీట్ దగ్గరికి పడితే చాలా లార్వాలు చస్తాయి. కానీ అలాంటి రాత్రులు ఎప్పుడో గానీ రావు, బతికినవి మళ్ళీ పెరుగుతాయి. మీ యాష్ చెట్టు మీద వడ్రంగిపిట్టలు బెరడు చెక్కేసి లేత రంగు మచ్చలు కనిపిస్తే, అది చలికాలంలోనే దొరికే మంచి ఆనవాలు. చెట్ల డాక్టరును పిలవండి.

మన ఊళ్ళల్లో ఇలాంటివి ఉండవా?

లంబసింగి, ఆదిలాబాద్ వైపు కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి వెళ్తుంది గానీ పగలు ఎండ కాస్తుంది. మన పురుగులకు గడ్డుకాలం ఎండాకాలం. ఎర్రటి ఆరుద్ర పురుగులు ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే గడిపి తొలకరికి పైకి వస్తాయి కదా, అక్కడ వాన కోసం కాచుకోవడం, ఇక్కడ ఎండ కోసం.

ఎంతసేపు ఉండొచ్చు? ఏం వేసుకోవాలి?

ఉష్ణోగ్రత కాదు, విండ్ చిల్ చూసుకోండి. సున్నా ఫారన్‌హీట్‌లో గంటకు 15 మైళ్ళ గాలి వీస్తే మైనస్ 19లా ఉంటుంది, తెరిచి ఉన్న చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. పిల్లలతో అయితే పది, పదిహేను నిమిషాలు చాలు. గ్లోవ్స్ మీద మిటెన్స్ వేసుకోండి, భూతద్దం పట్టుకునేటప్పుడు పైది మాత్రం తీస్తే సరిపోతుంది. మధ్యాహ్నం 12, 2 మధ్య, ఇంటి దక్షిణం వైపు మొదలుపెట్టండి. మార్చిలో 40 ఫారన్‌హీట్ దాటిన రోజున ప్యాంటు సాక్సుల్లో దోపుకోండి. మంచు ఇంకా ఉన్నా డీర్ టిక్స్ అనే రక్తం పీల్చే గోమార్లు అప్పటికే లేచి ఉంటాయి.

ఫోన్‌తో ఫొటోలు వస్తాయా?

వస్తాయి. బ్యాటరీ చలికి దబ్బున పడిపోతుంది, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. లోపలికి వచ్చేముందు బయటే ఫోన్‌ను జిప్ సంచిలో పెట్టి మూయండి, లేకపోతే లెన్స్ మీద తేమ పడుతుంది. ఊపిరి పక్కకు వదలండి.

చూసినవి ఎక్కడ నమోదు చేయాలి?

ఐనాచురలిస్ట్ యాప్‌లో. చలికాలం నమోదులు వేసవి కంటే బాగా తక్కువ, అందుకే మీరు పెట్టే ఒక్కొక్కదానికీ విలువ ఎక్కువ. బుడిపె ఫొటో పెడుతుంటే కాడ మొత్తం ఒకటి, బుడిపె దగ్గరగా ఒకటి, కన్నం ఉంటే అది ఒకటి తీయండి. ఆ రోజు ఉష్ణోగ్రత, నేల మీద మంచు ఎంత మందం ఉందో నోట్స్‌లో రాయండి. ఇంటి పెరడు కాబట్టి లొకేషన్ సెట్టింగ్‌లో "అబ్‌స్క్యూర్డ్" పెట్టుకోండి, మీ చిరునామా అందరికీ కనిపించదు.